జోసెఫ్ పండగ దాకా జారని వాలు

ఓబర్‌లైటెన్ ఊరు సముద్రమట్టానికి వెయ్యిన్నూట ఎనభై మీటర్ల ఎత్తున ఉంది. హోటళ్ళవాళ్ళు అచ్చు వేయించే కాగితాల్లో మాత్రం రెండువేల మూడు వందలని ఉంటుంది. అది తీగల మీద పైకెక్కే లిఫ్టు చివర ఆగే కొండకొమ్ము ఎత్తు. అక్కడ కాకులు తప్ప ఎవరూ కాపురం ఉండరు. కాగితాలు చూసి మంచు మీద జారే స్కీలు మోసుకొచ్చినవాళ్ళు ఊళ్ళో బురద తొక్కి మొహం చిట్లించుకుంటారు. ఊరి అసలు ఎత్తూ అసలు చలీ పక్కాగా తెలిసిన మనిషి ఒక్కతే, నోట్‌బుర్గా. ఊరంతా బుర్గా అని పిలుస్తారు.

చర్చి వెనక పాతిన కొలకర్ర దగ్గరికి ఆమె నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోజూ ఉదయం ఏడింటికి వెళ్తుంది. మంచు ఎన్ని సెంటీమీటర్ల లోతుందో, గాలి ఎంత చల్లగా ఉందో చూసి పుస్తకంలో రాస్తుంది. అంతకుముందు ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పని ఆమె తండ్రి కాసియన్ చేశాడు. ఆయన పుస్తకాల్లో జనవరి అంటే మైనస్ పన్నెండు, మైనస్ పదిహేను. బుర్గా పుస్తకాల్లో జనవరి నెలలో వాన కూడా ఉంది. ఆ మాట తండ్రి చేతిరాతలో ఎక్కడా కనపడదు.

కొలత చూడగానే తమ్ముడు వీగిల్ ఫోన్ చేసేవాడు. అతను కింద లోయలోని రైలు స్టేషనుకీ ఊరికీ మధ్య బస్సు తోలేవాడు.

"ఎంతే అక్కా ఇవాళ?"

"అరవై రెండు."

"అంటే నీకు నడుం దాకా. మామూలు మనుషులకైతే మోకాలు దాకా."

"నోరు మూసుకుని బండి తోలరా."

రోజూ ఇదే గొడవ. ఇది లేకపోతే ఇద్దరికీ తెల్లారినట్టు ఉండేది కాదు.

లోయ నుంచి ఊరికొచ్చే రోడ్డు మీదికి వంగి ఒక నిట్టనిలువు గడ్డివాలు ఉంది. అది వీళ్ళ కుటుంబానిదే. కాసియన్ బతికున్నన్నాళ్ళూ ఆగస్టు వస్తే చాలు, బూట్లకి ఇనుప ముళ్ళు కట్టుకుని, పొడుగు పిడి కొడవళ్ళతో ముగ్గురూ ఆ వాలంతా కోసేవాళ్ళు. ఆయన పోయాక ఆవుల్ని అమ్మేశారు. కోత ఆగిపోయింది.

"ఈ ఏడన్నా ఓ కోత కోద్దామే అక్కా," అనేవాడు వీగిల్ ప్రతి వేసవిలోనూ.

"కోసి ఎవరికి పెడతావురా? నువ్వు తింటావా గడ్డి?"

"నువ్వు వండేదానికన్నా నయమేగా!"

నవ్వుకునేవాళ్ళు. ఆ మాట అక్కడితో అయిపోయేది. గడ్డి నడుమెత్తు పెరిగి, ఎండి, దువ్విన జుట్టులా కిందికి వాలిపోయేది. ఎనిమిది వేసవులు అలాగే గడిచాయి. ఆ శీతాకాలాల్లో మంచు పల్చగా పడింది కాబట్టి వాలు ఊరుకుంది.

కాసియన్ ఊరికి ఒక లెక్క చెప్పి పోయాడు. మార్చి నెలలో జోసెఫ్ పండగ వచ్చేదాకా గడ్డివాలు మీది మంచు జారదు. అప్పటిదాకా రోడ్డు మూయక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ పుస్తకాలు దానికి సాక్ష్యం. ఊరు దాన్ని జపమాల వల్లించినంత నమ్మకంగా వల్లించేది. అందరికన్నా ఎక్కువ నమ్మింది బుర్గా.

తొమ్మిదో ఏట మంచు బాగా పడింది. జనవరి రెండో శనివారం ఆమె కొలకర్ర దగ్గరికి వెళ్ళేసరికి, ముందురోజంతా కురిసిన వాన ఇంకా తుంపరగా పడుతోంది. ఉష్ణోగ్రత ప్లస్ నాలుగు. తలెత్తి చూస్తే గడ్డివాలు మీద మంచు అడ్డంగా చీలి, లోపల గోధుమరంగు గడ్డి కనపడుతోంది. ఇక్కడ దాన్ని చేప నోరు అంటారు.

మంచు జారుతుందా, రోడ్డు మూయాలా అని తేల్చే కమిటీ పెద్ద సెవరీన్. అతనికి ఊళ్ళో పెద్ద హోటలుంది. శనివారం పాత అతిథులు దిగి కొత్తవాళ్ళు ఎక్కే రోజు. రోడ్డు మూయడం అతనికే అందరికన్నా నష్టం. అయినా అతనే పరిగెత్తుకొచ్చాడు.

"బుర్గా, మూసేద్దామా? నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది."

"జనవరిలో ఆ వాలు జారడమా? నాన్న పుస్తకాలన్నీ తిరగెయ్యి సెవరీన్. ఒక్కసారి జారినట్టు ఉంటే గుండు గీయించుకుంటా."

"నోరు తెరిచిందిగా?"

"తెరవనీ. చలికి మళ్ళీ అదే మూసుకుంటుంది."

సెవరీన్ తలూపాడు. కాసియన్ కూతురు చెప్పాక ఇంకేం మాట్లాడతాడు? ఆ వెంటనే వీగిల్ ఫోన్ చేశాడు.

"ఎంతే అక్కా?"

"డెబ్భై నాలుగు. రోడ్డు తెరిచే ఉంది, వెళ్ళు."

పది గంటల ఇరవై నిమిషాలకి వాలు మొత్తం ఒక్కసారిగా వదిలేసింది. కింద స్టేషనులో జనాన్ని దింపి ఖాళీ బస్సుతో పైకి వస్తున్నాడు వీగిల్. తడి మంచు బస్సునీ రోడ్డంచు కమ్మీల్నీ కలిపి రోడ్డు కింది వాగులోకి తోసేసింది. తడి మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా గట్టిపడుతుంది. ఊరంతా వరసగా నిలబడి పొడుగు కడ్డీలు గుచ్చుతూ వెతికారు. ఆ వరసలో బుర్గా కూడా ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకి కడ్డీ బస్సు రేకుకి తగిలింది ఆమె చేతిలోనే. తవ్వి బయటికి తీసేసరికి వీగిల్‌లో ప్రాణం లేదు.

విచారణకి వచ్చిన ఆఫీసరు పుస్తకాలన్నీ చూసి, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, ఎవరి తప్పూ లేదని రాసిచ్చాడు. వాన చేసినదానికి నువ్వేం చేస్తావమ్మా అని ఊరు ఓదార్చింది. బుర్గా కూడా కొన్నాళ్ళు వాననే తిట్టుకుంది.

మే నెలలో మంచు కరిగాక ఆమె వాలు ఎక్కింది. రెండడుగులు వేసేసరికి కాలు జారి కూలబడింది. ఎనిమిదేళ్ళ గడ్డి పొర మీద పొరగా కిందికి పడుకుని, తడికి సబ్బు రాసినట్టు ఉంది. కోసిన చోట మోళ్ళు నిలబడి మంచుని పట్టుకుంటాయి. కోయని చోట పట్టుకునేది ఏమీ లేదు. తండ్రి పుస్తకాలు అబద్ధం చెప్పలేదు. అవి చెప్పింది కోసిన వాలు సంగతి, చలి చలిలా ఉన్న జనవరి సంగతి. ఏటా కోశామని ఆయన ఎక్కడా రాయలేదు. అందరూ ఏటా చేసే పనిని పుస్తకంలో ఎవరు రాసుకుంటారు?

ఆ ఆగస్టులో అరవై ఏళ్ళ మనిషి, బూట్లకి ఇనుప ముళ్ళు కట్టుకుని ఒక్కతే వాలెక్కింది. సాయానికి మనిషిని పంపనా అని సెవరీన్ అడిగితే వద్దంది. మొదటి రోజుకే చేతులు బొబ్బలెక్కాయి. పద్నాలుగు రోజులు కోసింది. పుస్తకంలో ఆగస్టు కింద 'గడ్డి కోశాను' అని రాసింది. మంచు పుస్తకంలో గడ్డి మాట రావడం అదే మొదలు.

మళ్ళీ జనవరి వచ్చింది. పోయినేటికన్నా ఎక్కువ మంచు పడింది, దాని మీద రెండు రోజులు ఎడతెగని వాన. ప్లస్ ఆరు. బుర్గా ఎవర్నీ అడక్కుండా రోడ్డు మూయించింది. హోటళ్ళవాళ్ళు సణిగారు. ఆమె పట్టించుకోలేదు.

మూడో రోజు ఉదయం వాగుకి అవతల, ఎవరూ కోయని వాలు నోరు తెరిచి మొత్తంగా జారి వాగులో పడింది. ఇవతల బుర్గా కోసిన వాలు ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది. ఒక్క చీలిక లేదు.

సెవరీన్ బురదలో పరిగెత్తుకొచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"చూశావా బుర్గా! నీ కోతే నిలబెట్టింది. బంగారంలా నిలబెట్టింది!"

పాపం, అతను మెచ్చుకోడానికే అన్నాడు. బుర్గా కొలకర్ర పట్టుకుని తడి మంచులోనే కూర్చుండిపోయింది.

"సెవరీన్, ఎనిమిదేళ్ళు అడిగాడు మా వీగిల్," అంది. "ఒక్క కోత అడిగాడు వాడు."