ఈల వినపడని పరీక్ష

మా తాత కత్తులకు సాన పడతాడు. నలభై ఏళ్లు ఆ రాయి పక్కన కూర్చునేసరికి చెవులు ముప్పాతిక పోయాయి. మోకాళ్లూ వాటి దారే పట్టాయి. ఆయన మాత్రం తనకు చెవుడని ఒప్పుకోడు. ఈమధ్య లోకమే గొణుగుతోందంటాడు.

మోకాళ్లు అరిగాక బ్యాటరీ సైకిలు కొన్నాడు. స్టాండు వేసి మీట నొక్కితే వెనక చక్రం తిరుగుతుంది, దాని బెల్టు సానరాయిని తిప్పుతుంది. రోజుకు పది పన్నెండు వీధులు తిరిగేవాళ్లం. వెనక క్యారియరు మీద నేనుండేదాన్ని. ఆరో తరగతిలో బడి మానేసి ఆ కొలువులో చేరాను. వెనక బండి వస్తే తాత వీపు మీద ఒక దెబ్బ, ఎవరైనా పిలిస్తే రెండు. నాకు కోపం వచ్చిన రోజు మూడు, దానికి అర్థమేమీ లేదు. అందుకే నన్ను చెవులపిల్లీ అంటాడు. ఇంట్లో మేమిద్దరమే.

అలాంటి మా నెత్తిన కొత్త రూలు పడింది. బ్యాటరీ సైకిలు తొక్కాలంటే పదహారేళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. నెలాఖరు దాటితే సైకిలు పట్టుకుపోతారు. నాకు చెవులున్నాయి గాని పదమూడేళ్లే. తాతకు డెబ్బై ఒకటి. అందులోంచి ఓ మూడు నాకిచ్చే వీలుంటే ఇద్దరం గట్టెక్కేవాళ్లం.

పరీక్షలో ఇన్‌స్పెక్టరు వెనక నుంచి ఈల వేస్తాడు, వెంటనే ఆపాలి. క్యారియరు మీద ఎవరూ ఎక్కకూడదు. నేనో ఉపాయం పన్నాను. పరీక్ష పెట్టే మైదానం కంచె అవతల తాతకు ఎదురుగా నిలబడి, ఈల వినగానే ఎర్ర గుడ్డ ఊపుతాను. ఇంటి వెనక సందులో రెండు రోజులు సాధన చేశాం. ఈలా నాదే, గుడ్డా నాదే. తాత ఒక్కసారీ తప్పలేదు. సందు కదా, అందులో మలుపు లేదు.

పరీక్ష రోజు మైదానంలో తాత అన్నీ బాగా చేశాడు. సున్నాలు చుట్టాడు, కాలు కింద పెట్టలేదు. ఆఖర్న అటు చివర మలుపు తిరిగాడు. నేను ఆయన వెనకైపోయాను. అప్పుడు పడింది ఈల. కంచె దూకి పరుగెత్తాను, గుడ్డ ఊపాను, అరిచాను. మైదానంలో ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు, తాత తప్ప. రెండో ఈల, మూడో ఈల. వీపు నిటారుగా పెట్టి, పెళ్లికొడుకులా చుట్టంతా పూర్తి చేసుకుని వచ్చాడు.

"ఎలా తొక్కానే చెవులపిల్లీ?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. తాత చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"పెద్దాయనా, వెనక లారీ వస్తే మీకెలా తెలుస్తుంది?"

"మా మనవరాలు చెబుతుంది బాబూ."

"తను నిద్రపోతే?"

తాత నావైపు చూశాడు. పోయిన వానాకాలం నేను నిజంగానే కునికాను. లారీ అద్దం ఆయన భుజాన్ని రాసుకుపోయింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అందుకే ఆ రూలును తిట్టాలన్నా నాకు నోరు రాదు.

తోసుకెళ్తే లైసెన్సు అక్కర్లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు అలాగే వెళ్తున్నాం. తాత హ్యాండిలు పట్టుకుంటాడు, నేను వెనక నుంచి తోస్తాను. మూడో వీధి దాటేసరికి ఆయన మోకాళ్లు మొరాయిస్తాయి. ఆ మూడు వీధుల్లో ప్రతి కత్తికీ కిందటి నెలే సాన పట్టాం. తాత పెట్టిన పదును మూణ్నెల్లకు గాని పోదు. నాలుగు రోజులు ఒక్క కత్తీ రాలేదు. మూడో రోజు నుంచి మా పొయ్యి ఒక్క పూటే వెలిగింది.

ఐదో రోజు కుట్టుపని చేసే ఆవిడ కత్తెర తెచ్చిచ్చి లోపలికి వెళ్లింది. నేను తాత చెవిలో చెప్పాను.

"సగమే పట్టు తాతా. వచ్చే వారం మళ్లీ తెస్తుంది."

ఇంకెప్పుడైనా అయితే నా చెవి మెలిపెట్టేవాడు. మీట నొక్కి, కత్తెర మొదటి అంచుకు ఎప్పటిలాగే సాన పట్టాడు. వినపడలేదేమో అనుకున్నాను. కత్తెర రెండో అంచు రాయికి ఆనించి, నిప్పురవ్వలు లేవకముందే ఎత్తేశాడు. పదును వేలితో చూసుకోలేదు. గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఇచ్చిరా" అన్నాడు, నా మొహం చూడకుండా.