పదో మాట

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సికింద్రాబాద్‌లో ముంబై బండి ఎక్కాం. ముగ్గురం. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. మా ప్రార్థన గుంపును నడిపించే దేవదానం అన్న సైనిక్‌పురిలో ఉంటాడు, ఒకప్పుడు లెక్కల మాస్టారు. మూడోవాడు ఇమ్మానుయేలు, ఏ.ఎస్. రావు నగర్‌లో కరెంటు సామాన్ల దుకాణం. దిగాల్సిన ఊరు ముంబై దాకా కూడా కాదు. థానేలో దిగి, రెండు బస్సులు మారి, కొంకణం వైపు వెళ్లాలి.

ఎందుకు వెళ్లామో ముందే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో యూదుల కోసం ప్రార్థన జరుగుతుంది. మా ప్రభువు పుట్టిన జాతి అది, లోకమంతా వదిలేసినా మనం వదలకూడదు అన్నది మా పట్టు. ఉపవాసాలున్నాం, రాత్రుళ్లు మోకాళ్ల మీద గడిపాం. చర్చిలో కొందరు మమ్మల్ని ‘యెరూషలేం బ్యాచ్’ అని ఆటపట్టిస్తారు. ఇంత చేసినా మా గుంపులో యూదుణ్ని కళ్లారా చూసినవాణ్ని నేనొక్కణ్నే.

ఆయన సాంసన్ సార్. మా వర్క్‌షాప్‌లో పదకొండేళ్లు చార్జ్‌మన్, మా సెక్షన్ పెద్ద. పేరు చూసి క్రిస్టియన్ అనుకుని నేను క్రిస్మస్ ఆరాధనకు పిలిస్తే, నవ్వి, “నేను మీకంటే పాతోణ్ని” అన్నాడు. ట్రాన్స్‌ఫర్ మీద ముంబై కుర్ల వెళ్లి, రిటైరయ్యాక సొంతూళ్లో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఎనభై నాలుగు. పండగలకు ఫోన్ చేసుకుంటూనే ఉన్నాం. పోయినేడు వానాకాలంలో ఆయన భార్య రిబ్కాబాయి చనిపోయింది.

నెల కిందట ఫోన్‌లో ఆయన గొంతు బాగా లేదు. చనిపోయినవాళ్ల కోసం వాళ్లు చదివే ప్రార్థన ఒకటుంది, కద్దీష్ అంటారు. పదిమంది మగవాళ్లు కూడితే తప్ప అది చదవకూడదట. పూడ్చిన రోజు వరదలో ఎనిమిది మందే చేరారు, కాబట్టి చదవలేదు. ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది.

“ఊళ్ల ఏడుగురమే మిగిలినం ప్రభుదాస్. థానేకెళ్లి ముగ్గురు వస్తమన్నరు. వాళ్లు సుత ముసలోళ్లే, ఈ వానల్ల ఎట్ల వస్తరో ఏమో” అన్నాడు. కుర్ల, లాలాగూడ, సొంతూరు అన్నీ కలిసిన భాష ఆయనది. మాతో మాత్రం తెలుగే.

“వాళ్లకెందుకు సార్ తక్లీఫ్? ముగ్గురిని నేను పట్టుకొస్త.”

“హైదరాబాద్‌ల దొరుకుతరా నీకు?”

“ఎందుకు దొరకరు సార్? పక్కా” అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రాత్రి నాకెంత సంతోషమో. ఇరవై ఏళ్ల ప్రార్థనకు ఇన్నాళ్లకు చేతులూ కాళ్లూ వచ్చాయనిపించింది.

బండిలో మా ఎదురు సీటు ఆయనకు జహీరాబాద్‌లో చెప్పుల దుకాణం ఉంది. తెల్ల గడ్డం, చేతిలో టిఫిన్ డబ్బా. ఎక్కడికని అడిగితే దేవదానం అన్న దాచకుండా చెప్పాడు. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. యూదుల దేశం యుద్ధం వార్తలు ఎవరింట్లోనైనా టీవీలో నడుస్తున్న రోజులే ఇవి. దేవదానం అన్న అంత మాట ఎందుకన్నాడా అని నేను నొచ్చుకున్నాను.

“చచ్చినోళ్ల కోసం పోతున్నరు, మంచిదే” అన్నాడాయన చివరికి. “గానీ ఒకటి అడుగుత, ఏమనుకోకున్రి. మా జనాజాల మీరొచ్చి నిలబడితే మాకు ఇజ్జత్. గానీ నమాజు మేమే చదవాలె. వాళ్లకట్ల లేదా?”

“అట్ల కాదు భాయ్, వాళ్లే పిలిచిన్రు” అన్నాను. నిజానికి పిలవలేదు, ముగ్గురిని తెస్తానని నేనే అన్నాను. ఆయన తల ఊపి, మా పులిహోర కొంచెం తిని, మాకు ఖర్జూరాలిచ్చి మూడున్నర దాటాక దిగిపోయాడు.

మర్నాడు ఉదయం ఆరూ నలభైకి థానేలో దిగాం. వాన. స్టేషన్ బయట పన్వేల్ బస్సు సులువుగానే దొరికింది. వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోకండి, ఆ బస్సులో అటువైపు అద్దాలు ఒక్కటీ మూసుకోవు. పన్వేల్‌లో వడాపావ్, టీ. తొమ్మిదింబావుకు అలీబాగ్ వైపు వెళ్లే బస్సు. పేణ్‌లో రోడ్డు పొడవునా షెడ్లలో రంగులు పడని వినాయకులు వరసగా కూర్చుని ఉన్నారు, మీద ప్లాస్టిక్ పట్టాలు. అక్కణ్నుంచి గంట, చివర ఆటో. ఊరి పేరు రాయను. రాయొద్దని సాంసన్ సార్ అడిగాడు. ఎక్కడో ఏదో జరిగినప్పుడల్లా ఈ ఏడుగురూ తలుపులు వేసుకుని కూర్చుంటారట.

వాళ్ల ప్రార్థన మందిరం పెంకుటిల్లు, నీలం రంగు. తెలియనివాళ్లు స్కూలనుకుంటారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, తెల్లటోపీ పెట్టుకుని సాంసన్ సార్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కావలించుకున్నాడు. దేవదానం అన్న చేయి పట్టుకున్నాడు, ఇమ్మానుయేలు భుజం తట్టాడు. తర్వాత మా వెనక ఆటో వైపు చూశాడు.

“మిగిలినోళ్లు?”

“ఎవరు సార్?”

“నువ్వు తెస్తనన్న ముగ్గురు.”

“మేమే సార్” అన్నాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. మెల్లగా కుర్చీలో కూర్చుని టోపీ సర్దుకున్నాడు. ఏడుకు మూడు కలిపితే పది అని లెక్కల మాస్టారు కూడా ఒప్పుకున్న లెక్క అది. ఆ పదిమందీ యూదులే అయి ఉండాలని మా ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు. వాళ్లను అంతగా మావాళ్లనుకున్నాం మరి. మా సికింద్రాబాద్‌లో యూదుల ఇళ్లు ఏవో మిగిలి ఉంటాయని, అక్కణ్నుంచి తెస్తానని ఆయన అనుకున్నాడు.

ఆయన అన్న కొడుకు డానియల్ యాభై దాటినవాడు, ఆ మందిరం తాళాలు అతని దగ్గరే ఉంటాయి. అతను హిందీలో చెప్పాడు, మిగతా సంగతి. మేం వస్తున్నామని నమ్మి థానే ముగ్గురికీ రావద్దని చెప్పేశారు. వాళ్లలో ఒకాయనకు డయాలసిస్. ఈ రోజు కోసం దాన్ని వెనక్కి జరుపుకున్నవాడు, అక్కర్లేదనేసరికి మళ్లీ ఈ రోజుకే పెట్టించుకున్నాడు.

పన్నెండున్నర. కద్దీష్ సూర్యాస్తమయంలోపు చదవాలి. వానాకాలం కాబట్టి ఏడుంబావు దాకా సమయం ఉంది. డానియల్ ఫోన్లు మొదలుపెట్టాడు. డయాలసిస్ ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, రాలేడు. మిగిలిన ఇద్దరూ కారు మాట్లాడుకుని బయల్దేరుతామన్నారు. పదోవాడి కోసం పన్వేల్‌లో, అలీబాగ్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మేం ఏం చేయాలో తోచక వరండాలో నిలబడ్డాం. లోపలికి రమ్మని మూడు టోపీలు తెచ్చిచ్చాడు. ప్రార్థనలో మగవాడు తల మీద గుడ్డ ఉంచకూడదన్నది చిన్నప్పట్నుంచీ మాకు నేర్పిన పద్ధతి. దేవదానం అన్న టోపీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత పెట్టుకున్నాడు.

రెండింటికి సార్ ఇంట్లో అటుకులు, కొబ్బరి, పాలు లేని టీ. తినమంటే తిన్నాం. వాన కొంచెం తెరిపిచ్చాక సాంసన్ సార్ సమాధి దగ్గరికి వెళ్లాలన్నాడు. గుట్ట మీద ఉంది, సరుగుడు చెట్ల వెనక. ఆయన మోకాళ్లు పనిచేయవు, బురద. ఆ ప్లాస్టిక్ కుర్చీతోనే ఎత్తుకున్నాం, నేనూ ఇమ్మానుయేలూ చెరోవైపు, దేవదానం అన్న వెనక నుంచి గొడుగు పట్టుకుని. వచ్చాక మా వల్ల ఆయనకు కలిగిన ప్రయోజనం అదొక్కటే.

సమాధి రాయి మీద పైన వాళ్ల హీబ్రూ అక్షరాలు, కింద మరాఠీ. ఆయన వంగలేక నా చేతికి ఒక గులకరాయి ఇచ్చి, వచ్చిన గుర్తుగా సమాధి మీద పెట్టమన్నాడు. పెట్టాను. దేవదానం అన్న అలవాటుగా చేతులు జోడించి, “పరలోకమందున్న మా తండ్రీ” అని మొదలుపెట్టి, వాళ్లు ఒప్పుకోని మా ప్రభువు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆయన ప్రార్థన మధ్యలో ఆపడం నేనెన్నడూ చూడలేదు.

“చెయ్యి భాయ్, మనసుల చెయ్యి” అన్నాడు సాంసన్ సార్. తర్వాత నావైపు తిరిగాడు. “ఇరవై ఏండ్ల సంది మా కోసం ప్రార్థన చేస్తున్నమంటివి ప్రభుదాస్. నాకు ఖుషీనే. మా మీద పగబట్టినోళ్లు మస్తుగున్నరు, మా కోసం ఏడ్చేటోళ్లు తక్కువ. గానీ ఒక్కసారన్న అడిగినవా, మేమెట్ల ప్రార్థన చేస్తమో?”

“లేదు సార్” అన్నాను. మ్యాపులో వాళ్ల ఊళ్లన్నీ తెలుసు నాకు. వాళ్ల రాజుల పేర్లు వరసగా చెప్పగలను. ఈ ఒక్కటీ అడగలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

నాలుగింటికి కారు థానే దాటిందన్నారు. ఐదున్నరకు పన్వేల్ అవతల రోడ్డు మీద నీళ్లు, బండ్లు కదలడం లేదన్నారు. ఆరుంబావుకు పేణ్. మందిరంలో గాజు దీపాల్లో నూనె పోసి వెలిగించారు. ఏడుగురూ బల్లల మీద కూర్చుని గోడ గడియారం చూస్తున్నారు. వెనక బల్ల మీద మేం. కారు రావాలని నేను చేసినంత గట్టి ప్రార్థన ఇరవై ఏళ్లలో ఏ శుక్రవారమూ చేయలేదు.

ఏడుకు ఐదు నిమిషాలుండగా కారు వచ్చింది. ఇద్దరు ముసలివాళ్లు తడిసిన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. మమ్మల్ని చూసి తల పంకించారు. డానియల్ చేతిలో ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది; అలీబాగ్ ఆయన ఊళ్లో లేడట.

సాంసన్ సార్ లేచి నిలబడ్డాడు. మనుషుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టకూడదట వాళ్లకు. పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటుంది. మనిషికి ఒక మాట చొప్పున అంటూ వెళతారు. పది మాటలూ పూర్తయితే పదిమంది ఉన్నట్టు. ఆయన వేలు చూపకుండా, కళ్లతోనే ఒక్కొక్కరినీ చూస్తూ ఒక్కో మాట అన్నాడు. అర్థం తెలియదు, నేను వింటూ వెళ్లాను. చివర తనను తాను తలచుకుని తొమ్మిదో మాట అన్నాడు. తర్వాత ఆయన కళ్లు వెనక బల్ల మీదికి వచ్చాయి. నా మీద ఆగాయి. నోరు కొంచెం తెరిచాడు.

నలభై ఏళ్ల స్నేహం మాది. ఎవరూ చూడకుండా ఆ ఒక్క మాటా నా మీద అనేస్తే ఏమవుతుందని నాకు ఆ క్షణంలో దురాశ పుట్టింది. ఆయన కళ్లు దించుకుని నోరు మూసుకున్నాడు. గదిలో పన్నెండుమందిమి ఉన్నాం. పదిమంది లేరు.

ఏడుంబావు దాటింది. కద్దీష్ లేకుండా చదవగలిగినవి చదివారు. సాంసన్ సార్ పుస్తకం మూసి దానికి ముద్దు పెట్టుకుని, “ఈ ఏడు సుత కాకపాయె రిబ్కా” అన్నాడు, తెలుగులో. లాలాగూడలో ఉన్నప్పుడు వాళ్లిద్దరూ ఎవరికీ తెలియకూడదని మరాఠీలో మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు తనవాళ్లకు తెలియకూడదని తెలుగులో అన్నాడు. నాకు తెలిసింది. బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను.

ఆ రాత్రి మందిరం పక్క గదిలోనే చాపలు ఇచ్చారు. ఉదయం ఏడింటికి బయల్దేరుతుంటే ఆయన గేటు దాకా వచ్చాడు.

“వచ్చే ఏడు థానే నుంచి వాళ్లను నేనే కార్ల తోలుకొస్త సార్. ముందురోజే వస్త. నేను బయట కూసుంట” అన్నాను.

“నేనుంటే ఫోన్ చేస్త. మా తేదీ ఏటేటా మారుతది” అన్నాడు. “లేకుంటే డానియల్ చేస్తడు. అప్పుడు నా జాగల సుత ఒకణ్ని, ఇద్దరిని వెతకాలె.”

వచ్చిన దారినే పన్వేల్ దాకా వచ్చి, అక్కణ్నుంచి కల్యాణ్ చేరి, సాయంత్రం నాలుగింటికి సికింద్రాబాద్ బండి ఎక్కాం. బండి కదలగానే గట్టిగా ప్రార్థన చేయడం దేవదానం అన్నకు అలవాటు. ఈసారి చేయలేదు. ఇమ్మానుయేలు డయాలసిస్ ఆయన నంబరు తీసుకున్నాడు, ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాడు. అవతలినుంచి చాలాసేపు ఓదార్పు మాటలే వినబడ్డాయి, అది ఇంకా కష్టంగా ఉంది.

శుక్రవారం ప్రార్థన మానం. ఆ విషయంలో మా ముగ్గురికీ సందేహం లేదు. కానీ ఇన్నాళ్లూ మేం నిలబడిందెక్కడో తెలిసింది. వాళ్ల పక్కన అనుకున్నాం, వాళ్లకు అడ్డంగా నిలబడ్డాం. ఇకనుంచి బయట నిలబడడం నేర్చుకోవాలి, కావలసినప్పుడు కుర్చీ మోయాలి, వానలో కారు తోలాలి.

పుణె దాటాక దేవదానం అన్న గడియారం చూశాడు. నేనూ చూశాను. ఏడుంబావు. బయట వెలుగు పోతోంది.

“ప్రభుదాసూ, సార్ నిన్న తొమ్మిది మాటలు అన్నడు గద” అన్నాడు. “పదో మాట ఏంది?”

“తెల్వదన్నా” అన్నాను. “అది మనం వినలే.”