ఇరవై ఆరు దగ్గర ఆగిన ఏనుగు

వలసొచ్చిన నేతవాళ్ళుండే గోడాదరాలో మా గల్లీలో కంప్యూటర్ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ గర్వంతోనే మా మేనమామ పనిచేసే సాంచాల షెడ్డులో డిజైన్లు గీసే పనికి కుదిరాను. కరెంటు మగ్గాలను మేం సాంచాలంటాం. ఆ ఏడాది షెడ్డు యజమాని సేఠ్, బట్టలో బొమ్మలు నేసే సెకండ్‌హ్యాండ్ జకార్డ్ మిషన్ ఒకటి కొన్నాడు. మా పాత డిజైన్ ఫైళ్ళు దానికి పనికిరావు. వాటిని మార్చే ప్రోగ్రాం నేనే రాస్తానన్నాను.

నా ముసలి లాప్‌టాప్ విండోస్ బరువు మోయలేదు కాబట్టి అందులో లైనక్స్ ఉండేది. ప్రోగ్రాం దాని మీద రాశాను, చక్కగా నడిచింది. మరునాడు షెడ్డులోని విండోస్ కంప్యూటర్లో ఎక్కించి, ఏనుగుల అంచు డిజైన్ మార్చి, పెన్‌డ్రైవ్ మామ చేతికిచ్చాను. గంట తర్వాత చూస్తే బట్ట మీద ఏనుగు కాళ్ళు, పొట్ట, వాటి పైన మళ్ళీ కాళ్ళు, మళ్ళీ పొట్ట. తొండం ఉన్న ఏనుగు ఒక్కటీ లేదు.

తప్పు నా ప్రోగ్రాంలో ఉండొచ్చని నాకు తోచనే లేదు. మొదట మిషన్‌ను అనుమానించాను, తర్వాత కరెంటును, ఆఖరికి మామను. పెన్‌డ్రైవ్ తొందరపడి లాగేసి ఉంటాడని సేఠ్‌తో చెప్పాను. సేఠ్ అందరి ముందూ ఆయన్ను హిందీలో తిట్టాడు. మామ వెళ్ళి తన సాంచా మళ్ళీ నడిపించాడు. సాంచాల చప్పుడులో సగం వినపడి ఉండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజు భోజనాల వేళ మామ నన్ను పిలిచాడు. బల్ల మీద ఆ మూడు రోజుల్లో చెడిపోయిన మూడు డిజైన్ల ముక్కలు, వాటి పక్కన పాత సాంచా మీద నేసిన అవే డిజైన్ల మంచి ముక్కలు పరిచాడు. పోగులు లెక్కపెట్టే భూతద్దం నా చేతిలో పెట్టాడు.

"మిషన్ ఆగుతలేదు బిడ్డా. నువ్విచ్చిన ఫైలే ఆడికి అయిపోతున్నది. బొమ్మ తెగినంక ఏం రావాల్నో ఈ పాత బట్టల చూడు. మూడిట్లకూ పోగులు పైకి కిందికి లేసుడు ఒక్కటే తీరు."

చూశాను. ఫైలులో ఒక్కో అంకె ఎనిమిది పోగులను నడుపుతుంది. ఆ ఎనిమిది పోగుల్లో మూడు కింద, రెండు పైన, ఒకటి కింద, ఒకటి పైన, ఒకటి కింద. కిందిది సున్నా, పైది ఒకటి అని కంప్యూటర్ అంకెల పద్ధతిలో కాగితం మీద లెక్క వేస్తే ఇరవై ఆరు వచ్చింది.

అప్పుడు వెలిగింది. నేను డిజైన్ ఫైలును రాతఫైలులా, అంటే అక్షరాలుండే ఫైలులా తెరిచాను. అలా తెరిస్తే విండోస్ ఇరవై ఆరు కనబడగానే ఫైలు అక్కడితో అయిపోయిందనుకుని చదవడం ఆపేస్తుంది. ఏ కాలంనాటి ఆచారమో. లైనక్స్‌కు ఆ పట్టింపు లేదు. ఇవి అక్షరాలు కావు, ఉన్నది ఉన్నట్టు చదువు అని చెప్పడానికి ఫైలు తెరిచే చోట 'బి' అని ఒక్క అక్షరం చేర్చాలి. ఇది కాలేజీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. మార్చిన ఫైలు ఎంత చిన్నదైపోయిందో చూసుకున్నా మొదటి రోజే దొరికేది. నేను మాత్రం మూడు రోజులూ నా ప్రోగ్రాం అందమే చూసుకున్నాను.

'బి' చేర్చాక ఏనుగుకు తొండం వచ్చింది. తప్పు నాదేనని సేఠ్‌తో చెప్పాను. ఒక్క అక్షరానికి ఇంత రచ్చా అని ఆయన నమ్మలేదు. కంప్యూటర్ పాతదైపోయిందని తేల్చి, వారంలో కొత్తది తెప్పించాడు. మిషన్ బాగుపడింది దానివల్లేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

నిన్ను తిట్టించాను మామా అంటే, మామ టిఫిన్ డబ్బా కడుక్కుంటూ, "ఎనిమిది పోగులే గదా, జర వంగి చూస్తె కనవడ్తయి" అన్నాడు.

ఇప్పటికీ ఎవరొచ్చినా నన్ను చూపించి, మా మేనకోడలు పెద్ద ఇంజినీరు అంటాడు. అందులో వెటకారం ఎంతో నేనెప్పుడూ అడగలేదు.