ఉపవాసం నాకు నేర్పేదెవరు?

కంటి ఆపరేషన్‌కని తెనాలి వెళ్ళి, నా కడుపులో ఏముందో ఆసుపత్రి మొత్తానికీ చెప్పుకుని వచ్చాను. చెబుతా వినండి. నవ్వినవాళ్ళకి మాత్రం టీ లేదు.

నిరుడు కంట్లో పొర కమ్మి, ఎన్ని గిద్దలు పోశానో కనపడక ఆవకాయలో ఉప్పు రెండింతలు పోసేశాను. ముప్పయ్యేళ్ళుగా మా రెండు కుటుంబాలకీ బాపట్లలో నేనే కలుపుతాను. ఒక్క ఏడు తప్పితే చాలు, "ఈసారి రేపల్లె పిన్ని కలుపుతుందిలే అమ్మా" అన్నాడు నా కొడుకు! రేపల్లె పిన్ని అంటే నా తోడికోడలు సుగుణ. వేసవిలోపు నా కన్ను బాగుపడకపోతే ఆవకాయ ఆవిడ చేతికి పోతుంది. అదీ నా బెంగ.

సుగుణంటే నాకెందుకు పడదంటారా? నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళి బంతిలో గారె వద్దంది. "ఏంటే, నువ్వూ ఉపవాసమా?" అన్నాను. "కాదక్కయ్యా, నాది డైటింగ్. మీరు చేసేది ఫాస్టింగ్. రెండూ ఒకటి కాదు" అంది. బంతి బంతంతా నవ్వింది! నేను రెండో తరగతితో బడి మానేసినదాన్నే. అయినా ఆ రెండు మాటలూ ఆ రోజే బుర్రలో పెట్టుకున్నాను. ఒళ్ళు తగ్గడానికి తిండి తగ్గిస్తే డైటింగ్. ఉపవాసముంటే ఫాస్టింగ్. నవ్విన మొహాలు కూడా గుర్తే.

తెనాలి ఆసుపత్రిలో ఆపరేషన్‌కి పేరు రాయించుకున్న రోజున నర్సమ్మాయి, "మామ్మగారూ, రేపు ఫాస్టింగ్‌లో రావాలి. షుగర్ చూస్తాం. ఫాస్టింగ్ అంటే..." అంటుండగానే అందుకున్నాను.

"తెలుసమ్మా! డైటింగ్ వేరు, ఫాస్టింగ్ వేరు."

"అబ్బో, మీకన్నీ తెలుసే!" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను జానెడు ఎత్తు పెరిగాను.

మర్నాడు చీకటితోనే లేచి తలస్నానం చేసి, ఏకాదశినాడు ఎలా ఉంటానో అచ్చం అలాగే ఉన్నాను. అన్నం మెతుకు ముట్టలేదు. పలహారం మాత్రమే. "అత్తయ్యా, అది కూడా తినకూడదేమో..." అని గొణిగింది మా కోడలు. "నలభై ఏళ్ళ ఉపవాసాలు నావి. నువ్వు నేర్పుతావా నాకు?" అన్నాను. పాపం, సంచీ సర్దుకుని నా వెనకాలే తెనాలి రైలెక్కింది.

ఆసుపత్రిలో చూద్దును కదా, బల్ల మీద సుగుణ! ఆవిడకీ అదే ఆపరేషనట. మొహం తిప్పుకుని కూర్చున్నాను.

రక్తం తీశారు. కాసేపటికి డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, షుగర్ రెండు వందల పది ఉంది. ఆపరేషన్ చెయ్యలేం."

"నాకు షుగర్ లేదండి!"

"ఇంత షుగర్‌తో కోస్తే పుండు మానదమ్మా. ముందు గుంటూరులో చూపించుకోండి. రెండు మూడు నెలలయ్యాక చూద్దాం."

రెండు మూడు నెలలా! అప్పటికి మామిడికాయల కాలమే వెళ్ళిపోతుంది. ఆ డాక్టరు తెనాలి వచ్చేదే నెలకి రెండు రోజులు. నర్సు పెన్ను తీసి లిస్టులో నా పేరు వెతుకుతోంది.

"ఫాస్టింగ్‌లోనే వచ్చారా?" అన్నాడు డాక్టరు.

"దేవుడి మీద ఒట్టండి. మెతుకు ముట్టలేదు!"

మా కోడలు నోరు తెరిచింది. నేను చూసిన చూపుకి మూసేసింది. నర్సు పెన్ను నా పేరు మీద ఆగింది.

"ఒక్క నిమిషం డాక్టరుగారూ, కొట్టెయ్యకండి!" సుగుణ లేచి వచ్చింది. "అక్కయ్యా, ఏకాదశి ఉపవాసమేనా మీది?"

"మరింకే ఉపవాసం ఉంటుంది?"

"ఉప్మా తిన్నారా?"

"గోధుమరవ్వది. కొంచెమే."

"అరటిపళ్ళు?"

"మూడు. చిన్నవి."

"పాలు?"

"గ్లాసుడు. పంచదార వెయ్యలేదు, బెల్లమే."

డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. "ఇంకేమైనా ఉందా అమ్మా?"

"రైల్లో రెండు ఖర్జూరాలు. ప్రయాణం కదండీ, నీరసం వస్తుందని."

ఆ నవ్వులు! పెళ్ళి బంతి నయం. కళ్ళకి కట్టు కట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారండి! నర్సు పెన్ను జేబులో పెట్టేసుకుంది.

"రేపు రండి. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు" అన్నాడు డాక్టరు.

"దాన్ని ఉపవాసం అనరండి, పస్తంటారు" అన్నాను. ఊరుకుంటానా?

మర్నాడు పస్తే ఉన్నాను. షుగర్ తొంభై ఎనిమిది. ఆపరేషన్ అయింది, కన్ను వచ్చింది. ఈ ఏడు ఆవకాయ నేనే కలిపాను. ఎంతైనా సుగుణ నా పేరు నిలబెట్టింది కదా అని మొదటి జాడీ రేపల్లె పంపాను.

మొన్న ఫోను మోగింది. సుగుణే.

"అక్కయ్యా, ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఒక్క సందేహం. ఇది ఫాస్టింగ్‌లో తినొచ్చా?"

ఠక్కున ఫోన్ పెట్టేశాను. నాలుగేళ్ళనాటి పాత కోపం ఉంది చూశారూ, దాన్ని ఆ రోజుతో వదిలేశాను. దాని చోట్లో దీన్ని పెట్టుకున్నాను.