ముడి వెయ్యని కుట్టు

మొన్న శుక్రవారం ఏన్కూరులో ఒకరింట్లో కరెంటు మీటరు చూస్తుండగా ఫోన్ వచ్చింది. సారపాకలో మా ఇంటి పక్క టైలర్ చాచా పొద్దున్నే పోయాడని. రీడింగ్ తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను, అదీ తప్పే. ఆ ఇంటామె మంచినీళ్లు ఇచ్చింది. తాగానో లేదో గుర్తు లేదు.

కుదురు లేని మనిషిని నేను. అన్నం కూడా తిరుగుతూ తింటానని అమ్మ తిడుతుంది. అలాంటి నాకు రెండేళ్ల కింద ఒక అరుగు దిగుతుంటే ఎడమ మడమ వెనక ఎవరో రాయితో కొట్టినట్టు టప్పుమంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నరం తెగిందనుకున్నాం. నరం కాదు, పిక్కను మడమకు పట్టి ఉంచే తాడు అన్నాడు ఖమ్మం డాక్టరు. ఆయన పెద్దగా కోయలేదు. చర్మానికి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, వాటిలోంచే దారం పోనిచ్చి, తెగిన కొసలు దగ్గరికి లాగి కట్టాడు. మోకాలి దాకా బూటు తొడిగి, చెప్పేదాకా అది తియ్యొద్దని పంపాడు.

చూడటానికి వచ్చిన వాళ్లంతా ఎన్ని కుట్లు పడ్డాయనే అడిగారు. కట్టు మార్చేటప్పుడు చూసి, ఇంతేనా అని పెదవి విరిచారు. మా సూపర్‌వైజరైతే వచ్చే వారం రాకపోతే వేరే మనిషిని పెడతానన్నాడు. మూడో వారం ఒక పొద్దున బూటు విప్పేసి, గోడ పట్టుకుని బయల్దేరాను.

చాచా దుకాణం దాటాలి కదా, అక్కడే దొరికిపోయాను. ఆయన కేకలెయ్యలేదు. స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. తను చేతితో తుర్పాయి చేస్తున్న, అంటే అంచు మడిచి పైకి కనపడకుండా కుడుతున్న, ఎవరిదో ప్యాంటు నా ఒళ్లో వేసి, దారం కొస చేతికిచ్చి లాగమన్నాడు. లాగాను. కుట్టంతా చప్పుడు లేకుండా జారి వచ్చేసింది.

"ఇంక ముడి ఎయ్యలే బేటా," అన్నాడు. "నీ కాలు గూడ గంతే. పైన కనవడకపోతే లోపట కుట్టు లేదనుకున్నవా? తుర్పాయి ఎవరికి కనవడ్తది?"

ఆయనే మా ఇంటికి పోయి బూటు తెచ్చి తొడిగాడు. దాని మీదికి రావాలని నా ప్యాంటు ఎడమ కాలు కుట్టు మోకాలి దాకా విప్పాడు. నడుచుకుంటూ వచ్చిననాడు మళ్లీ కుడతానన్నాడు.

డాక్టరు బూటు తియ్యమనేదాకా ఆ స్టూలు మీదే ఉన్నాను. గుండీలు, హుక్కులు, తుర్పాయి, అన్నీ నాతో కుట్టించాడు. ఛాయ్ సాసరులో సగం నాకు పోసేవాడు. నేను కదిలినప్పుడల్లా "కాలు లేవొద్దు, చెయ్యి ఆగొద్దు" అనేవాడు. సూపర్‌వైజరు ఫోన్ చేస్తే లాక్కుని, ఈ మనిషి నా దగ్గర పనిల ఉన్నడు, పంపియ్యనన్నాడు. అవతల సూపర్‌వైజరు నవ్వాడేమో, ఉద్యోగం మాత్రం పోలేదు.

కాలు బాగైంది. మళ్లీ పరుగులో పడ్డాను. బండి మీద దుకాణం ముందు నుంచి పోతుంటే చాచా నా కాలు వైపు చూపించి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు వేళ్లు ఆడించేవాడు. రేపు అని చెయ్యి ఊపేవాణ్ని. ఎన్ని రేపులో. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

శుక్రవారం జనాజాకు భుజం పట్టాను. కబరస్తాన్ దాకా ఎడమ కాలు ఒక్కసారి కూడా తడబడలేదు. తిరిగొచ్చాక చాచీ ఒక సూది తెచ్చి ఇచ్చింది. నా ప్యాంటు రంగు దారమే ఎక్కించి ఉంది.

"మీ చాచా ఈ సూది ఎవ్వరిని ముట్టనియ్యలే," అంది. "వస్తడు, వస్తడనే అన్నడు."

నిన్న కూర్చుని ఆ ప్యాంటు కుట్టాను. వంకరగానే వచ్చింది. అయిపోయేదాకా లేవలేదు. ముడి మాత్రం వెయ్యబుద్ధి కాలేదు. కొయ్యకు తగిలించిన ప్యాంటుకు సూది ఇంకా అలాగే వేలాడుతోంది.