చిల్లికప్పు ఆత్మారాం

మా ఆత్మారాం సార్‌కు ఒక్కటే జబ్బు. కారేది ఏది కనబడినా అది ఎంత చిక్కగా ఉందో కొలవాల్సిందే. పప్పు, పెయింటు, తలకు రాసుకునే ఆముదం, ఏదైనా సరే. జేబులో స్టాప్‌వాచ్, భుజాన సంచిలో అడుగున చిల్లి ఉన్న స్టీలు కప్పు. చిల్లికి వేలు అడ్డం పెట్టి కప్పు నింపుతాడు, వేలు తీస్తాడు, మొత్తం కారిపోయేదాకా సెకన్లు చూస్తాడు. నీళ్లకు పది. అంతకన్నా ఎక్కువ పట్టిందంటే ఆయన కళ్లు మెరుస్తాయి.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద మక్కజొన్నల నుంచి గంజిపొడి తీసే ఫ్యాక్టరీ మాది. ఆయన ల్యాబ్ కెమిస్టు, నేను షిఫ్టు సూపర్‌వైజర్‌ని. మామూలు గంజిపొడి చల్లని నీళ్లలో వేస్తే అడుగున కూర్చుంటుంది. దాని గుణం మార్చడమే మా పని. నూలు మిల్లులకు పోయేదాన్ని మందులు కలిపి పలుచన చేస్తాం. సూపుల్లో వాడే రకాన్ని ముందే ఉడికించి, వేడి డ్రమ్ముల మీద ఎండబెట్టి, పొడి కొడతాం. ఆ పొడిని చల్లని నీళ్లలో వేసి తిప్పితే చాలు, పొయ్యి లేకుండానే చిక్కబడుతుంది. ప్రతి సరుకూ ఆయన కప్పు దాటాకే గేటు దాటాలి. ఇంకెవరైనా అయితే సాయంత్రం ఆ కప్పు కడిగి బోర్లించి ఇంటికి పోతారు. ఈయన ఇంటికోసం అలాంటిదే ఇంకొకటి చేయించుకున్నాడు.

దాన్ని పెళ్లిచూపులకు కూడా పట్టుకుపోయాడు. ఏర్గట్లలో అమ్మాయి వాళ్లు పాయసం పెట్టారు. గిన్నె చేతికి రాగానే సంచిలోంచి కప్పు తీశాడు. పాయసం సగం కారి ఆగిపోయింది.

"సగ్గుబియ్యం అడ్డం పడ్డది. జెర మళ్లొకసారి పొయ్యుండ్రి," అన్నాడు కాబోయే మామతో.

మామ మొహం మాడిపోయింది. లోపలి గదిలో మాత్రం ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్విన పిల్లే గోదావరి. "గిసుంటోడు మళ్ల దొరుకుతడా? గీయన్నే చేసుకుంట," అందట. పెళ్లయిన వారానికే మాట మార్చింది.

"నేను పప్పు జేసేది తినెటందుకా, కొలిసెటందుకా?"

"రెండిటికీ. నిన్నటి కన్నా ఆరు సెకన్లు ఎక్కువొచ్చింది. మస్తుగున్నది."

అది పొగడ్తో తిట్టో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఒకసారి బోధన్ దగ్గర చెరుకు బెల్లం వండుతుంటే చూసి, కప్పులో పాకం పోయించుకున్నాడు. పాకం కారదు, ఈయన కదలడు. కళ్ల ముందే మా బస్సు వెళ్లిపోయింది.

"సార్, గదే ఆఖరి బస్సు!"

"ఆగు వెంకటీ, సాగుతున్నది."

సాగలేదు. కప్పులోనే గడ్డకట్టింది. దాన్ని కొట్టి ఊడదీసి, విరిచి నాకు సగం పెట్టాడు. "దీనికి నంబరు లేదు. తిను," అన్నాడు. బెల్లం చప్పరిస్తూ ఆరు మైళ్లు నడిచాం.

తొంభై ఆరులో ఈ జబ్బు బాగా ముదిరింది. నిజామాబాద్ ఖిల్లా వెనక గల్లీలో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. "అక్కా, మీ అంబలి ఒక గంటెడు పోస్తరా? మళ్ల ఇస్త." బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు. సుమిత్రమ్మ అనే ఆమె ఆయన్ను మున్సిపాలిటీ మనిషి అనుకుని, అడగకముందే కుళాయి పన్ను రసీదు చూపించింది. ఆయన రసీదు పక్కకు జరిపి, అంబలి కొలిచి, పుస్తకంలో రాసుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. సూపు రకం పొడి పొట్లాలు ఆయన సంచిలో పోతున్నాయని మేనేజరు రాజారాం సార్ చెవిన పడింది.

"సొంత దందా పెడుతుండు వెంకటీ. ఇయ్యాల ఎనక వడదాం. దొరికిండంటే రేపటి సంది నౌకరికి రావద్దు."

నాకు మనసొప్పలేదు. అయినా రాజారాం సార్ స్కూటర్ వెనక ఎక్కాను. ఆత్మారాం సైకిల్ ఆ ఖిల్లా గల్లీలోనే ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. మేం గుమ్మంలోంచి తొంగిచూశాం.

లోపల మంచం మీద లింబయ్య, మా ఫ్యాక్టరీ పాత వాచ్‌మన్. నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చింది. పలకరించి రావాలని నేను నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. ఆత్మారాం కింద కూర్చుని గ్లాసులోని చాయ్‌లో పొడి వేసి గిరగిరా తిప్పుతున్నాడు.

"ఇగ దొరికినవ్!" అంటూ రాజారాం సార్ లోపలికి దూసుకుపోయాడు.

ఆత్మారాం తలెత్తకుండానే, "ఒక్క నిమిషం ఉండు సార్, లెక్క తప్పుతది," అన్నాడు.

జవాబు చెప్పింది లింబయ్య భార్య దేవవ్వ.

"నీళ్లు తాగితె గొంతుకడ్డం వడి ఊపిరాడకపోతుండె సారూ. డాక్టరు సిక్కగ జేసి తాపుమన్నడు. ఎంత సిక్కగ అంటె నాకేమెరుక? ఒకనాడు ముద్దయితది, ఒకనాడు నీళ్లయితది. గీ సారు ముప్పై రెండు సెకన్లు అన్నడు. నాకు గడియారం సూడరాదంటి. అప్పుడు గల్లంత తిరిగి కొలిసి, సుమిత్రమ్మ ఇంటి అంబలికి గన్నే సెకన్లు వట్టింది, అది ఎట్లుంటదో గట్ల జెయ్యి అన్నడు. అంబలంటె నాకు తెల్వదా?"

రాజారాం సార్ ఆత్మారాం వైపు తిరిగాడు.

"చీటీ రాయకుండ తెచ్చిన సార్. తప్పే," అన్నాడు ఆత్మారాం. "నీళ్లు కుదిరినయ్. చాయ్ ఇయ్యాలనే మొదలు. గీయనకు చాయ్ అంటె పానం."

దేవవ్వ లింబయ్యను లేపి కూర్చోబెట్టి గ్లాసు పెదాలకు ఆనించింది. ఒక గుక్క. దగ్గు రాలేదు. ఇంకో గుక్క. అదీ దిగింది. గ్లాసు ఖాళీ చేసి లింబయ్య మా వంక చూశాడు. వంకరపోయిన మూతి మెల్లగా కదిలింది.

"అల్లం... లేదు."

"నాలుగు నెల్లకు చాయ్ దొరికితె గీనికి వంకలు సూడు!" అని దేవవ్వ ఒక్కసారిగా నవ్వింది, కొంగు కళ్లకు ఒత్తుకుంటూనే. ఆత్మారాం చెవుల దాకా ఎర్రబడ్డాడు. నిజమే, అన్నీ కొలిచాడు గానీ రుచి చూడలేదు.

రాజారాం సార్ గొంతు సవరించుకున్నాడు. "రేపటి సంది శాంపిల్ అని రాసి తీస్కపో. దొంగలెక్క గీ దాచుడేంది?" అని కసిరి, బయటికి నడిచాడు. కోపంగా ఇంటికి పోతున్నాడేమోనని నేను వెంట ఉరికాను.

ఆత్మారాంను పట్టుకోవడానికి వచ్చిన మా మేనేజరు గల్లీ చివరి దుకాణం ముందు నిలబడి, చేతిలో అల్లం కొమ్ము అటూ ఇటూ తిప్పి చూస్తూ, "లేతది లేదా?" అని బేరం చేస్తున్నాడు.