శేషం మిగిలే లెక్క

మొన్న సిరిసిల్ల నుంచి కోరుట్లకు, మా చెల్లెలింటికి వెళ్లాను. అరుగు మీద చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, పలక పట్టుకుని కూర్చున్నాడు. పలక మీద 99991. కింద పదమూడుతో భాగహారం. వంగి చూశాను, శేషం ఎనిమిది. ఒప్పే. మతిమరుపు ఆయనలోని మనుషులందరినీ మింగింది గానీ ఎక్కాలను ముట్టలేదు. నన్ను మాత్రం కరెంటు మీటరు చూడవచ్చిన మనిషి అనుకుని పక్కకు జరిగాడు.

ఆ అంకె నాకు పాత పరిచయం. బాపు పోయాక జగిత్యాలలో మమ్మల్ని సాకింది ఈ చిన్నబాపే. బడిలో లెక్కల సారు, ఇంట్లోనూ లెక్కల సారే. శేషం తప్పితే ఆ పూట పెరుగు ఉండేది కాదు. చెల్లెలు ఎప్పుడూ పెరుగుతోనే తినేది. ఆయనకు నచ్చనిదీ అదే. ఇంటరు కాగానే డిగ్రీ చదువుతానంది. వద్దంటే నలుగురూ ఏమైనా అంటారని ఆయన వద్దనలేదు. పలక మీద 99991 వేసి, “దీన్ని శేషం లేకుంట భాగించే అంకె ఒక్కటి తే. ఒకటి వద్దు, మల్ల గదే అంకె వద్దు. తెచ్చిననాడు కాలేజీకి పో” అన్నాడు.

చెల్లెలు ఎండాకాలమంతా భాగించింది. మూడు, ఏడు, పదకొండు, ఏదీ ఇమడలేదు. తిప్పి 19999 అని రాస్తే ఏడుతో చక్కగా పోతుంది. ఆ సంగతి చెబితే, తాను అడిగింది అది కాదన్నాడు. చివరికి మూడు వందల పదమూడుతో భాగిస్తే నూట నలభై నాలుగు మిగిలింది. అక్కడ ఆగింది. ఆ పైన చూడనక్కర లేదు. పెద్ద అంకె ఏదైనా పోవాలంటే దాని జతది, చిన్నది, ముందే దొరికి ఉండాలి. పలక తెచ్చి ఆయన ముందు పెట్టి, “గిది దేనితోని పోదు చిన్నబాపూ, ప్రధాన సంఖ్య” అంది. ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. “నాకెరుకే. అయిదంకెల ప్రధాన సంఖ్యలల్ల గంతకన్న పెద్దది లేదు. నేను తెమ్మన్న. లేదని చెప్పుమన్ననా?” కాలేజీలు తెరిచేసరికి దానికి కోరుట్ల సంబంధం ఖాయం చేశాడు. ఇక్కడ దాని ఒళ్లోకి బీడీల చేట వచ్చింది.

ఇప్పుడు ఆయన్ని చూసుకునేది చెల్లెలే. స్నానం, మందులు, మెత్తటి అన్నం, దేనికీ లోటు చేయదు. కాకపోతే ఆయన పొద్దున లేస్తూనే జగిత్యాల పోదామంటాడు, అది పలక మీద ఆ అంకె వేసి ఇస్తుంది.

“అంకె దొరికిందా? దొరికితే ఆటో పిలుస్త,” అంది తునికాకు చుడుతూ, తలెత్తకుండా.

“దొరుకుతది బిడ్డా. ఇగ పదిహేడు చూస్తున్న.”

పాపమే, ఇక చాలించమన్నాను. చెల్లెలు బీడీకి దారం కట్టి తెంపింది. “నేనేమన్న తప్పు లెక్క ఇచ్చిన్నా అక్కా?”

తప్పు లెక్క కాదు. పదిహేడుకు ఎంత మిగిలిందో చూశాను. పద్నాలుగు. అదీ ఒప్పే.

భోజనాలయ్యాక ఆయన ఓ కునుకు తీసి లేచి, తడిగుడ్డతో కింది గీతలన్నీ తుడిచి, మళ్లీ మూడుతో మొదలుపెట్టాడు. నిలబడి ఉన్న నన్ను మీటరు ఎంత తిరిగిందని అడిగాడు. చెల్లెలికి ఆ లెక్క ఒక్క ఎండాకాలంలో ముగిసింది. కాలం ముందుకే పోతుందని ఇన్నేళ్లూ డైరీలో తారీఖులు రాసుకున్నాను. ఆ అరుగు మీద అది మూడు దగ్గరే కూర్చుని ఉంది.